చీలిన గుండు పక్కన, మోకాలి లోతు నీళ్లలో

కలువ పువ్వును చూసి మురిసిపోయేవాళ్లెవరూ దాన్ని ఎప్పుడూ ఎండబెట్టి ఉండరు. ఒక్కసారి ఆ పని చేస్తే మురిపెమంతా దిగిపోతుంది. తంగేడయితే కొమ్మ విరిచి, పాత పేపర్ల మధ్య పెట్టి, మొక్కల్ని అదిమే ప్రెస్సుకు బెల్టు బిగించి మన పని మనం చూసుకోవచ్చు. కలువ అట్లా ఊరుకోదు. నీళ్లలోంచి తీసిన కాసేపటికే ఆకు ముడుచుకుపోతుంది, కాడ వాడిన తోటకూర కాడలాగా వాలిపోతుంది. దుంపను నిలువునా కోయకపోతే లోపల కుళ్లుతుంది. పువ్వును సగానికి చీల్చి, ఒక్కో రేకూ విడదీసి పరచాలి. పొద్దునా సాయంత్రం పేపర్లు మార్చాలి. ఇంత చాకిరీ చేసి ఒక్క పూట బద్ధకిస్తే చాలు, బూజు పట్టి మొత్తం నల్లబడుతుంది. దీనంత మొండి మొక్కను నేను ఇంకొకటి చూడలేదు.

ఈ పని నాకు నేర్పింది డిగ్రీలో బోటనీ చెప్పిన మేడం. సంగారెడ్డి వాళ్లే. వాళ్ల నాన్నగారు మిషన్ బడిలో టీచరు. ఆదివారం చర్చి అయ్యాక మేడం ఇంటికి పోకుండా మా ముగ్గురు నలుగురు ఆడపిల్లల్ని షేర్ ఆటోలో కుక్కి, పటాన్‌చెరు చుట్టుపక్కల కుంటలకు తీసుకెళ్లేవారు. ప్రార్థనకు కట్టుకున్న తెల్లచీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకొని నీళ్లలోకి దిగేవారు. బొల్లారం వైపు పోయినప్పుడు కొన్ని కుంటల్లో నీళ్లు టీ రంగులో ఉండేవి. ముక్కు మూసుకుని గట్టు మీద నిలబడ్డ మమ్మల్ని చూసి, "మొక్కకు లేని నఖరాలు మీకెందుకే?" అని కసిరేవారు.

మొక్క దొరికాక ఆమె మా చేత ముందు చేయించే పని, పువ్వు రంగు రాయించడం.

"రంగు రాయిండ్రి. ఎండినంక అన్నీ బెల్లం రంగే. రేపు సూసెటోళ్లకు రంగు కావాలె గద" అనేవారు.

రంగు తర్వాత చోటు. ఊరి పేరు రాస్తే ఆమెకు సరిపోయేది కాదు. ఏ గట్టు, ఏ వైపు, ఎంత లోతు, పక్కన ఏముంది, అన్నీ రాయాల్సిందే. తర్వాత వచ్చేవాడు ఆ కాగితం పట్టుకుని నేరుగా అక్కడికి నడిచిపోగలగాలని ఆమె పట్టుదల. ఎవడు వస్తాడు, ఎందుకు నడుస్తాడు అని మేము చాటున నవ్వుకునేవాళ్లం. వచ్చేది నేనే అని ఎవరనుకున్నారు?

ఇప్పుడు అదే కాలేజీలో నేను ఆ పాఠమే చెబుతున్నాను. మేడం రిటైరయి చాలా కాలమైంది. బోటనీ తీసుకునే పిల్లలు ఏటేటా పలచబడుతున్నారు. కానీ ఆమె కూడబెట్టిన షీట్లు మాత్రం ఇనప బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఒక్కో షీటూ గట్టి అట్టలాంటి తెల్ల కాగితం, దాని మీద దారంతో కుట్టిన ఎండు మొక్క, కింద కుడి మూలన లేబుల్. బీరువా తలుపు తీస్తే నాఫ్తలీన్ వాసన గుప్పున కొడుతుంది. నాకు ఆ వాసన ఇష్టం. మా ఆయన మాత్రం నేను ఇంటికి వచ్చినప్పుడల్లా, "బాత్రూం గోలీల వాసనొస్తున్నవ్" అంటాడు.

ఈ ఏడు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కాలేజీల్లో మూలుగుతున్న పాత షీట్లన్నిటినీ ఫొటో తీసి, లేబుల్ వివరాలు కంప్యూటర్లో ఎక్కించాలి. ఎవరైనా ఎక్కణ్ణుంచైనా చూసుకునేలా అందరికీ తెరిచి పెడతారట. లేబుల్ మీద ఉన్నదంతా ఎక్కించి, ఆ మొక్కను సేకరించిన చోటు ఎక్కడో మ్యాపులో గుర్తు కూడా పెట్టాలి. పాత రోజుల్లో అక్షాంశాలూ రేఖాంశాలూ ఎవరు రాశారు? లేబుల్ చదివి, చోటు ఇదీ అని మనమే తేల్చాలి. నీటి మొక్కల కట్ట నేనే అడిగి తీసుకున్నాను. నాకు అలవాటైన తలనొప్పి కదా అనుకున్నాను.

కలువ షీట్లు ఒక్కొక్కటే తీసి చోటు వెతుకుతూ పోయాను. అమీన్‌పూర్ చెరువుది సులువుగా అయిపోయింది, చెరువు ఇంకా ఉంది కాబట్టి. బొల్లారం కుంటది గుర్తు పెడితే అది పోయి ఒక షెడ్డు రేకుల మీద పడింది. ఇంకొకటి లారీలు ఆగే మైదానంలో పడింది. దూరపు చుట్టం చావు కబురు పేపర్లో చదివినప్పటిలా అయ్యో అనుకుని తర్వాతి షీటు తీసేదాన్ని. కొన్ని పాత లేబుళ్ల మీద 'పటాన్‌చెరు దగ్గర' అని మాత్రమే ఉండేది. వాటికి ఊరి నడిమధ్యన గుర్తు పెట్టి, చుట్టూ పెద్ద వలయం గీసి, ఇందులో ఎక్కడో అని వదిలేయాలి. దానికి అనుమతి ఉంది, అందరూ చేసేదే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత నా ప్రాణానికి ఇదే వచ్చి కూర్చుంది.

ఆ తర్వాత తీసిన షీటు మేడం చేతిరాతలో ఉంది. నేను ఆమె దగ్గర చేరకముందు ఎప్పుడో సేకరించింది. ఇంగ్లిషులో గుండ్రటి అక్షరాలు, నడుమ తూము, గుండు అన్న మన మాటలు అట్లాగే రాసుకున్నారు. తెలుగులో చెప్పాలంటే ఇంతే: కిష్టారెడ్డిపేట. ఊరి కుంట, తూముకు తూర్పున, నిలువునా రెండుగా చీలిన గుండు పక్కన, మోకాలి లోతు నీళ్లలో. పువ్వులు లేత నీలం, నడుమ పసుపు. విరివిగా ఉంది.

ఆ గుండు నాకు తెలుసు. పోయిన ఎండాకాలం దాని మీదే నేను వడియాలు పెట్టాను.

కిష్టారెడ్డిపేటలో మేము ఉంటున్న అపార్ట్‌మెంట్ ఆవరణలో ఒక పెద్ద రాతి గుండు ఉంది. పేలిస్తే పక్క ప్లాట్ల గోడలు కూలతాయని బిల్డర్ దాన్ని అట్లాగే వదిలేశాడు. నడుమ పగులులో సిమెంటు కూరి, ఆకుపచ్చ రంగు వేసి, పసుపు పూలు గీయించి, పక్కన పిల్లలకు జారుడు బల్ల పెట్టించాడు. ఫ్లాటు చూడ్డానికి వెళ్లినరోజు నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ గుండే. చెట్లూ పుట్టలూ చూసే కళ్లు కదా, రాయి కనపడగానే సంబరపడిపోయాను. ఇద్దరి జీతాల మీదా అప్పు తీసుకుని కొన్నాం. కిరాయి ఇళ్లు మారి మారి విసిగిపోయినవాళ్లకు తలుపు మీద సొంత పేరు చూసుకోవడం ఎట్లా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఒకవేళ ఇంకో గుండు అయ్యుంటుందేమో అని ఆ సాయంత్రం బ్యాగు కూడా దించకుండా ఆవరణంతా తిరిగాను. ఈ నేల మీద గుండ్లకేం కొదవ? గేటు దగ్గర వాచ్‌మన్ కూర్చునే బల్ల ఒకటుంది. నున్నగా చెక్కిన పాత రాయి, నడుమ గుండ్రటి రంధ్రం. రోజూ దాన్ని దాటుకుంటూ పోయేదాన్ని, ఆ రంధ్రం ఎందుకుందో ఎన్నడూ ఆలోచించలేదు. అది కుంట నీళ్లు వదిలే తూము రాయి. దాని దగ్గర నిలబడి చూస్తే గుండు తిన్నగా తూర్పున ఉంది. బ్యాగు దించి అదే రాయి మీద కూర్చున్నాను.

మీకు ఇదంతా ఎందుకింత పెద్ద సంగతో చెప్పాలి. మా చుట్టుపక్కల చెరువులూ కుంటలూ పూడ్చి కట్టిన ఇళ్లను ప్రభుత్వం కూలగొట్టడం మొదలుపెట్టింది. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ గీత లోపల ఉంటే, రిజిస్ట్రేషన్ ఉన్నా, బ్యాంకు అప్పిచ్చినా, ఇంటి పన్ను కడుతున్నా, కూలగొట్టే పసుపుపచ్చ మిషన్లు వస్తాయి. పక్క కాలనీలో ఒక ఇల్లు కూలుతుండగా దాని ఇల్లాలు కుక్కర్ ఒక్కటి చంకన పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డ వీడియో మా అందరి ఫోన్లలో తిరిగింది. మా దగ్గరకూ మనుషులు వచ్చి కొలతలు తీసుకుని పోయారు. కాకపోతే మాది చిన్న కుంట. అధికారుల దగ్గరున్న మ్యాపులో దాని గీత అరిగిపోయి, ఉన్నదో లేదో తెలియకుండా ఉందట. ఇక్కడ కుంట ఉండేదని ఒక్క కాగితమూ లేదు, భయపడకండి అని మా వకీలు ధైర్యం చెప్పాడు. ఊళ్లో పాతవాళ్లకు తెలుసు. కానీ భూమి అమ్మింది వాళ్లే, నోరు విప్పరు.

అపార్ట్‌మెంట్లో ఉన్న మాకు మాత్రం తెలియదా? వానాకాలం వస్తే సెల్లార్లో నీళ్లు. బండ్లన్నీ రోడ్డు మీదకు తోలుకోవాలి. వాన వెలిసి ఎండ కాస్తున్నా నేల లోంచి చెమ్మ ఊరుతూనే ఉంటుంది. మోటారు పెట్టి తోడడానికి అంతస్తుల వారీగా వంతులు వేసుకున్నాం. ఆ వంతుల పట్టిక అసోసియేషన్ ప్రెసిడెంటుగారు రోజూ పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పెడతారు: 'నేడు వాననీళ్లు తోడే వంతు, రెండవ అంతస్తు.' ఎర్రటి ఎండలో కూడా అది వాననీళ్లే. ఒకసారి కొత్తగా వచ్చిన ఆవిడెవరో గ్రూపులో, 'ఇది ఊట కదా?' అని అడిగితే ఎవరూ జవాబివ్వలేదు. కాసేపటికి ఆవిడే ఆ మెసేజ్ తీసేసింది. అప్పటి నుంచి ఆ మాట ఎవరమూ అనలేదు, నాతో సహా.

ఆ లేబుల్ సంగతి మా ఆయనకు చెప్పాను. ఆయన బొల్లారంలో మందుల కంపెనీలో క్వాలిటీ పని చేస్తాడు. కంపెనీ బస్సు దిగి వచ్చి అప్పుడే టీ తాగుతున్నాడు.

"పటాన్‌చెరు అని పెట్టి ఇడిసెయ్ రాదు" అన్నాడు. "వేరేటియి గట్లనే పెట్టిన అన్నవ్ గద. పెద్ద వలయం గీసి గిండ్లనే ఏడనో అని రాయి. అబద్ధం గూడ కాదు."

"వాటి మీద చోటు రాసి లేదు. దీని మీద ఉన్నది. మీ కంపెనీల గిట్లనే రాస్తరా? ఒక్క అంకె తప్పువోతే గీత గీసి, పక్కకు సంతకం పెట్టి, తారీఖు ఎయ్యాలె అని నువ్వే చెప్తవ్. ల్యాబుల వైట్‌నర్ కనవడ్డా నౌకరి పోతదంటవ్."

"గది కంపిని. గిది ఇల్లు" అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "ఇల్లు పోతె నీ కలువ పువ్వు మనకు కిరాయికి రూమిస్తదా?"

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. నిజానికి ఆయన తప్పేం అనలేదు. నా లోపల అప్పటికే తిరుగుతున్న మాటే పైకి అన్నాడు, అందుకే అంత మండింది. ఆ పూట గిన్నెలన్నీ కాస్త గట్టిగానే తోమాను.

ఆ వారమే సంగారెడ్డి వెళ్లాను, మేడం ఇంటికి. జామకాయలు పట్టుకుపోయాను. మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా నడుస్తున్నారు గానీ, మనిషి మాత్రం అదే కరుకు. ఫోన్లో షీటు ఫొటో చూపించాను.

"ఈ కుంట యాదికున్నదా మేడం?"

"యాది లేకేం. ఆ గుండు మీద చెప్పులు ఇడిసి దిగిన. ఒక చెప్పు జారి నీళ్లల్ల వడ్డది. చర్చికి ఏసుకపొయ్యే కొత్త చెప్పులు. ఇంట్ల మస్తు తిట్లు వడ్డయి."

"గుండ్లు అంతటా ఉంటయి గద మేడం. ఇంకో ఊరి కుంట కావచ్చేమో. మీరు ఆ రోజు రెండు మూడు చోట్ల తిరిగి ఉంటే..."

"చెప్పు పొయ్యిన జాగ మర్శిపోతనా?"

"చానా ఏండ్లయింది గద మేడం."

ఆమె ఫోన్ నా చేతిలో పెట్టేసి నా ముఖంలోకి చూశారు. ప్రాక్టికల్ రికార్డులో పక్కదాని బొమ్మ చూసి గీసినప్పుడు చూసేవారే, అదే చూపు.

"నువ్వు అడగనీకె రాలె బిడ్డా. నేను మర్శిపొయ్యిన అనాలె, అది విని పోవాలె. గందుకు వచ్చినవ్. ఏమైంది చెప్పు."

చెప్పాను. ఇల్లు, అప్పు, కొలతలు తీసుకుపోయిన మనుషులు, సెల్లార్లో నీళ్లు, అన్నీ. ఆమె లోపలికి పోయి టీ పెట్టుకొచ్చారు. చక్కెర వేయడం మరిచిపోయారు, నేను అట్లాగే తాగాను.

"నా రాత మీద కొట్టేసుడు లేదు, నీకు దెల్సు" అన్నారు చివరికి. "నేను తప్పు రాసిన అనుకుంటె నీ స్లిప్పు అంటించు. నీ పేరు రాసి సంతకం పెట్టు. నాకేం కోపం రాదు."

ఎండు మొక్కల షీట్లు దాచే హెర్బేరియంలో ఉన్న కట్టుబాటు అది. పాత లేబుల్‌ను ఎవరూ చెరపకూడదు, దిద్దకూడదు. తర్వాత వచ్చినవాడికి అందులో తప్పు కనిపిస్తే, చిన్న కాగితం ముక్క మీద తన మాట రాసి, పేరూ తారీఖూ వేసి, పాత లేబుల్ పక్కన అంటించాలి. కొన్ని షీట్ల మీద అట్లాంటి స్లిప్పులు రెండు మూడు ఉంటాయి. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు ఒకే ఎండు కొమ్మ పక్కన ఏళ్ల తరబడి వాదించుకుంటూ ఉంటారు. అబద్ధం రాసుకోవచ్చు, అడ్డేమీ లేదు. కాకపోతే నిజం పక్కనే, సంతకంతో రాయాలి.

నేను లేవబోతుంటే మేడం నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఈ బిడ్డ ఇంటిని కాపాడమని, ఆ గోడల్ని, ఆ గడపను కాపాడమని అడిగారు. షీటు సంగతి ఆ ప్రార్థనలో లేదు. బస్సులో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. ఏదో కుంటలో ఒక చెప్పు పోతే పోయింది, అంత వివరంగా ఎందుకు రాయాలి ఈమె? అందరిలాగా ఊరి పేరు రాసి ఊరుకుంటే ఏం పోయేది? బస్సు దిగే రామచంద్రపురం దాకా ఆమెను లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

ఇది చాలదన్నట్టు, ఆ ఆదివారం ప్రెసిడెంటుగారు మా ఇంటికి వచ్చారు. గోదావరి జిల్లాల నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దాయన. రిటైరయినప్పుడు వచ్చినదంతా ఈ ఫ్లాటులోనే పెట్టారు. మనిషి మంచివాడు. ఎవరి వంతు తప్పినా తానే పంచె ఎగగట్టి, సెల్లార్లోకి దిగి మోటారు వేస్తారు. చెడ్డవాడై ఉంటే నాకు సులువయ్యేది.

"అధికారులు అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారమ్మా" అన్నారు, కుర్చీ అంచున కూర్చుని. "ఇది మెట్ట భూమి, ఇక్కడ నీళ్లు నిలిచేవి కావు అని చదువుకున్నవాళ్లెవరైనా రాసిస్తే బలంగా ఉంటుందని మన వకీలు అంటున్నాడు. అందరం ఆలోచించి మీ పేరు అనుకున్నాం. మీరు మొక్కల లెక్చరరు కదా. ఇది నీటి మొక్కలు మొలిచే నేల కాదు, ఎన్నడూ మొలవలేదు అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెడితే చాలు. మీ మాటకు విలువుంటుంది."

ఊరంతా వెతికి సరిగ్గా నన్నే పట్టుకున్నారు. "చూస్తానండీ" అన్నాను. మా ఆయన ఆయనకు మంచినీళ్లిస్తూ నా వైపు చూడలేదు.

ఆ మరునాటి నుంచి అపార్ట్‌మెంట్లో నా మర్యాదే మారిపోయింది. లిఫ్టులో జరిగి చోటిచ్చారు. పక్కింటి నుంచి గిన్నెడు పులిహోర వచ్చింది. కింది ఫ్లాటు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీరున్నారని ధైర్యమండీ" అంది. ఆ చెయ్యి వదిలించుకుని పారిపోవాలనిపించింది. క్లాసులో పిల్లల మీద అయినదానికీ కానిదానికీ ఒంటికాలి మీద లేచాను. ఆ నీలం పువ్వు మీద కూడా కోపమొచ్చింది. నీకు మొలవడానికి ఇంకో కుంట దొరకలేదా అని బీరువా ముందు నిలబడి పైకే అన్నాను.

ఎక్కించాల్సిన గడువు దగ్గరపడింది. కట్టలో అదొక్క షీటే మిగిలింది. స్టాఫ్ రూములో ఎవరూ లేని మధ్యాహ్నం స్లిప్పు కాగితం కోసుకుని ముందు పెట్టుకున్నాను. 'చోటు సందేహాస్పదం' అని రాయడానికి సిద్ధపడే కూర్చున్నాను, అబద్ధమెందుకు. పెన్ను మూత కూడా తీశాను. అప్పుడు ఊరికే ఎదురుగా ఉన్న ఆ మొక్కను చూశాను. దుంపను ఎంత జాగ్రత్తగా కోశారో, రేకులు ఎట్లా విడదీశారో, ఎక్కడా ఒక్క మచ్చ లేదు. ఒక్క పూట కూడా బద్ధకించలేదు ఆమె. ఆ పని ఎంత పనో నా చేతులకు తెలుసు. దాని పక్కన ఆ రెండు మాటలూ నా చేత్తో రాయలేకపోయాను. ఇది ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. చేతకాలేదు, అంతే.

స్లిప్పు మీద ఇట్లా రాశాను: 'చోటు సరిచూశాను. గుండు ఉంది, తూము రాయి ఉంది. కుంట పూడ్చారు. కలువ లేదు.' పేరు రాసి, తారీఖు వేసి, మేడం లేబుల్ పక్కన అంటించాను. జిగురు ఆరేదాకా వేలితో ఒత్తి పట్టుకున్నాను.

తర్వాత కంప్యూటర్లో గుర్తు సరిగ్గా గుండు మీద పెట్టాను. వలయం ఎంత ఉండాలని అడిగితే, గుండు చుట్టూ పట్టేంత చిన్నది గీశాను. చివరి గడిలో ఇంకో ప్రశ్న ఉంది, ఈ చోటే అని మీకెట్లా తెలుసు అని. అంతకు ముందరి షీట్లకు పాత మ్యాపు అనో, ఊరివాళ్లు చెప్పారనో రాశాను. దీనికి, 'నేను అక్కడే ఉంటాను' అని రాసి పంపేశాను.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. షూ లేసులు విప్పుతున్నవాడు అట్లాగే వంగి ఉండిపోయాడు.

"పంపినవా?"

"పంపిన."

"ఇగ ఎనుకకు తీస్కోరాదా?"

"రాదు."

తల ఎత్తలేదు. ఆ రెండో లేసు విప్పడానికి చాలాసేపు పట్టింది. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. చివరికి, "పెద్దాయనకు నువ్వే చెప్పు. వేరేటోళ్ల నోట్లకెళ్లి వింటె మంచిగుండదు" అని లోపలికి పోయాడు.

పెద్దాయన గుండు దగ్గరే ఉన్నారు, జారుడు బల్ల కింద నిలిచిన నీళ్లను చీపురుతో ఊడుస్తూ. నేను రాసిచ్చే కాగితం తెచ్చాననుకుని ముఖం విప్పారింది. నిలబడే చెప్పాను. ఒక పాత షీటు ఉందని, దాని మీద ఈ గుండూ ఆ తూమూ రాసి ఉన్నాయని, దాన్ని నేనే సరిచూసి అందరూ చూసేచోట పెట్టానని, ఆ సంతకం నేను చేయలేనని. ఆయన చీపురు గోడకు ఆనించి, వెళ్లి గుండు మీద కూర్చున్నారు. పసుపు పూల బొమ్మల మీద.

"మీరూ ఇక్కడే ఉంటున్నారు కదమ్మా" అన్నారు.

"అవునండీ."

"మీ ఇల్లు కూడా పోతుంది."

"పోవచ్చండీ. నాకూ భయంగానే ఉంది."

తిడతారని కాచుకుని నిలబడ్డాను. ఆయన సిమెంటు పూసిన పగులును బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నారు. తర్వాత అడిగారు:

"ఏం పువ్వమ్మా అది?"

"కలువ."

"ఏ రంగు?"

"లేత నీలం. నడుమ పసుపు."

"రంగు కూడా రాశారా?"

"రాశారండీ. విరివిగా ఉంది అని కూడా రాశారు."

ఆయన తల ఊపారు. లేచి, పంచె దులుపుకుని, చీపురు తీసుకున్నారు. మెట్లెక్కుతుంటే వెనక నుంచి మళ్లీ చీపురు చప్పుడు వినపడింది. ఆ చప్పుడు మా అంతస్తు దాకా వచ్చింది.

తెల్లారి లేచేసరికి గ్రూపులో ఆయన రోజూ పెట్టే మెసేజ్ ఉంది. 'నేడు కుంటనీళ్లు తోడే వంతు, మూడవ అంతస్తు.' అందరూ చూసినట్టు చూపిస్తోంది. ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆయన దాన్ని తీసేయనూ లేదు.

మూడవ అంతస్తు మేమే. మా ఆయన ఫోన్ చూసి, నాకు చూపించి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకున్నాడు. ఇద్దరం కిందికి దిగి మోటారు వేశాం.